చదవని వానికి ఇచ్చిన మాట

మాట ఇవ్వడమంటే ఏమిటో మనకందరికీ తెలుసు. ఒకరు చెబుతారు, మరొకరు వింటారు. విన్నవాడు ఆ మాటను నమ్ముకొని తన పని తాను చూసుకుంటాడు. మాట తప్పితే వచ్చి నిలదీస్తాడు. మన సింగరేణి కాలనీల్లో కిరాణా ఖాతా మొదలుకొని చిట్టీల దాకా సగం వ్యవహారం ఇలాగే నడుస్తుంది. అయితే, చెప్పేవాడు తానేమి చెబుతున్నాడో చూసుకోకుండా చెప్పి, వినేవాడు వినకుండానే 'సరే' అన్న మాట ఒకటి ఉన్నదనుకోండి. అది మాట అవుతుందా? అది తప్పితే దోషం ఎవరిది?

ఇది పొడుపుకథ కాదు, ప్రియ పాఠకులారా. మన జేబులోని సెల్‌ఫోనులో ఇటువంటి మాటలు పదుల కొద్దీ ఉన్నాయి. ప్రతి యాప్ వెంట ప్రైవసీ పాలసీ అనే పత్రం ఒకటి ఉంటుంది. తెలుగులో గోప్యతా విధానం అంటున్నారు. మీ నుండి ఏయే వివరాలు తీసుకుంటాము, ఎందుకు తీసుకుంటాము, ఎవరికి చూపిస్తాము, ఎంతకాలం ఉంచుకుంటాము అని యాప్ తయారు చేసినవారు, దానిని వాడుకునేవారికి వ్రాసి ఇచ్చే మాట అది. గూగుల్ ప్లే స్టోరులో గాని, ఆపిల్ వారి స్టోరులో గాని యాప్ పెట్టాలంటే ఈ పత్రం తప్పనిసరి.

ఈ పత్రాలను వ్రాసేది ఎక్కడో అమెరికాలోని పెద్ద కంపెనీల వకీళ్లు మాత్రమే అనుకోవద్దు. మన పిల్లలు కూడా వ్రాస్తున్నారు. శ్రీరాంపూర్ కాలనీలో పెరిగి ఇంజినీరింగ్ చదివిన యువకుడు ఒకడు ఉన్నాడనుకుందాం. తండ్రి బాయి దిగి సంపాదించిన డబ్బుతో చదువుకున్నాడు. మంచిర్యాలలోని ఒక చిన్న క్లినిక్ డాక్టరుగారు అతణ్ణి పిలిచి, "రోగులు తెల్లవారకముందే వచ్చి వరుసలో కూర్చుంటున్నారు బాబూ, ఇంటి నుండే టోకెను తీసుకునేటట్లు ఒక యాప్ చేసి పెట్టు" అన్నారు. పేరు, వయస్సు, ఫోను నెంబరు, బాధ ఏమిటో నమోదు చేస్తే టోకెను నెంబరు వస్తుంది. మంచి పని. ముసలివారికి, పసిపిల్లల తల్లులకు ఎంతో మేలు. రాత్రింబవళ్లు కూర్చొని యాప్ పూర్తి చేశాడు. చివరి రోజున స్టోరువారి ఫారం అడిగింది: మీ ప్రైవసీ పాలసీ ఎక్కడ?

అతడేం చేస్తాడు? చాలామంది చేసేదే చేస్తాడు. మరో యాప్ పాలసీని తెచ్చి, పాత పేరు తీసి తన యాప్ పేరు పెడతాడు. పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఎవరిని మోసం చేద్దామన్న ఆలోచన అతనికి లేదు. అయినా ఆ పది నిమిషాల్లో జరిగింది చిన్న పని కాదు.

ఎందుకంటే అరువు తెచ్చుకున్న ఆ పత్రం తనకు తెలియని సంగతులను తెలిసినట్లు చెబుతుంది. 'మీ వివరాలను ముప్పై రోజుల్లో తొలగిస్తాము' అని అందులో ఉంటే, ఇతని యాప్‌లో తొలగించే ఏర్పాటే లేకపోవచ్చు. 'మేము ఎవరితోనూ పంచుకోము' అని ఉంటే, ఖర్చుల కోసం ఇతడు చేర్చిన ప్రకటనల ప్రోగ్రాం ఆ ఫోను గుర్తింపు సంఖ్యను, అది ఉన్న ప్రాంతాన్ని ప్రకటనల కంపెనీకి పంపుతూ ఉండవచ్చు. ఇటువంటి ముక్కలను ఇతరులు తయారు చేసి ఇస్తారు, వీళ్లు తెచ్చి అతికించుకుంటారు. అవి ఏమి మోసుకుపోతున్నాయో అతికించినవానికే పూర్తిగా తెలియదు. తెలియని దానిని తెలిసినట్లు వ్రాయడాన్ని ఏమంటారు? అబద్ధమాడాలన్న సంకల్పం లేకపోయినా, నిజమో కాదో పట్టించుకోకుండా నిజమని వ్రాసి ఇచ్చినవాడు అబద్ధానికి చాలా దగ్గరగా నిలబడ్డాడు.

బొగ్గుబాయి ఎరిగిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. షిఫ్టు మొదలుకాకముందు మైనింగ్ సర్దార్ పని స్థలానికి వెళ్లి పైకప్పు తట్టి చూస్తాడు, గ్యాస్ ఉన్నదేమో పరీక్ష చేస్తాడు, చూసినది రిపోర్టులో వ్రాసి సంతకం చేస్తాడు. కోల్ ఫిల్లరు ఆ రిపోర్టు చదువుతాడా? చదవడు. చాలామందికి అది ఎక్కడ ఉంటుందో కూడా తెలియదు. కానీ అతని తల మీద ఉన్న పైకప్పు ఆ రిపోర్టులోని నిజం మీద ఆధారపడి ఉన్నది. సర్దార్ వెళ్లకుండానే, నిన్నటి రిపోర్టు చూసి ఈ రోజు రిపోర్టు వ్రాస్తే, 'ఎలాగూ ఎవరూ చదవరు గదా' అన్న సమాధానాన్ని మనం ఒప్పుకుంటామా? చదవరు కాబట్టే అది నిజమై ఉండాలి. చదివేవాడైతే తప్పు పట్టుకుంటాడు, ప్రశ్నిస్తాడు, తన జాగ్రత్తలో తానుంటాడు. చదవనివానికి వ్రాసినవాని నిజాయితీ తప్ప వేరే రక్షణ లేదు.

ప్రైవసీ పాలసీ గురించి చెప్పవలసిన ముఖ్యమైన మాట ఇదే. దానిని ఎవరూ చదవరు అనేది వ్రాసేవాని బరువును తగ్గించదు, పెంచుతుంది.

చదవకపోవడం జనం తప్పే కదా అని కొందరంటారు. ఒక లెక్క చూడండి. 2008లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మెక్‌డొనాల్డ్, క్రేనర్ అనే ఇద్దరు, ఒక మనిషి తాను ఏడాదిలో చూసే వెబ్‌సైట్ల పాలసీలన్నీ చదవాలంటే ఎంత సమయం పడుతుందో అంచనా వేశారు. సుమారు 244 గంటలని తేలింది. ఎనిమిది గంటల షిఫ్టు చొప్పున లెక్కిస్తే ముప్పై మస్టర్లు! నెల రోజుల మస్టర్లు పోగొట్టుకొని, అదీ ఇంగ్లీషులో, వకీళ్ల భాషలో ఉన్న పత్రాలను ఏ కార్మికుడు చదువుతాడు? అందువల్ల 'ఒప్పుకుంటున్నాను' అనే మీట మీద పడే వేలు నిజానికి ఒప్పుకోవడం లేదు. 'నాకు టోకెను కావాలి' అని మాత్రమే చెబుతోంది. ఆ సంగతి తెలిసి కూడా, 'నీవు ఒప్పుకున్నావు గదా' అని తర్వాత పత్రం చూపించడం న్యాయం కాదు.

పేదవాని 'సరే' ఎంత స్వేచ్ఛగలదో కూడా ఆలోచించాలి. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఆ ఒక్క రోజు ఇంట్లో ఉండడం కోసం ఎక్కడెక్కడికో వలస వెళ్లినవారు బస్సులు కిక్కిరిసి సొంత ఊళ్లకు చేరుకున్నారు. ఎందుకు? పేరు ఎక్కకపోతే రేషన్ కార్డు పోతుందేమో, పింఛను ఆగిపోతుందేమోనన్న భయం. ఆ సర్వే మంచి చెడ్డలు వేరే సంగతి. మనం గమనించవలసినది ఇది: అవసరంలో ఉన్నవాడు అడిగిందల్లా చెబుతాడు. అడిగే చేతిలో తన అవసరం ఉన్నది కాబట్టి చెబుతాడు. కనుక ఎంత అడగాలి అనే హద్దును అడిగేవాడే గీసుకోవాలి.

"మా దగ్గర దాచుకోవడానికి ఏమున్నది? దొంగతనం చేశామా?" అని అమాయకంగా అనేవారు మన మధ్య ఉన్నారు. దాచుకోవడం వేరు, దొంగతనం వేరు. ఆ క్లినిక్ యాప్‌లో ఒక కార్మికుడు 'ఆయాసం, రాత్రిపూట దగ్గు' అని నమోదు చేశాడనుకోండి. మన ప్రాంతంలో అది ఉత్త రెండు మాటలేనా? కొత్తగూడెంలోని మెడికల్ బోర్డు వ్రాసే ఒక్క మాట మీద ఒక కుటుంబం బ్రతుకుతెరువు, కొడుకు ఉద్యోగం ఆధారపడి ఉండే ప్రాంతమిది. ఆ దగ్గు సంగతి కాలనీలో దళారికి తెలిస్తే బేరానికి వస్తాడు. అప్పు ఇచ్చినవానికి తెలిస్తే ముందుగానే తలుపు తడతాడు. కూతురి సంబంధం మాట్లాడుకుంటున్నవారికి తెలిస్తే మరో ఇల్లు చూసుకుంటారు. ఆ మనిషి చేసిన నేరమేమీ లేదు. డాక్టరుతో చెప్పుకోవలసిన మాట డాక్టరు దగ్గర ఆగలేదు, అంతే. ఒక మాటను ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు మనిషి మర్యాదలో భాగం. అది పోయిన తర్వాత మిగిలిన మర్యాద ఎంత?

ఇది ఊహ మాత్రమే కాదనడానికి మన రాష్ట్రమే సాక్ష్యం. 2020లో కరోనా కాలంలో పనులు లేక, జీతాలు రాక, చాలామంది సెల్‌ఫోను యాప్‌లలో చిన్న చిన్న అప్పులు తీసుకున్నారు. అప్పు ఇచ్చేముందు ఆ యాప్‌లు ఫోనులోని నెంబర్ల పట్టికను, ఫొటోలను చూడడానికి అనుమతి అడిగాయి. అవసరంలో ఉన్నవారు మీట నొక్కారు. వాయిదా ఆలస్యమైన నాటి నుండి ఆ పట్టికలోని బంధువులకు, స్నేహితులకు, పై అధికారులకు ఫోన్లు, అవమానకరమైన సందేశాలు వెళ్లాయి. ఫొటోలను మార్చి పంపినవారూ ఉన్నారు. ఆ వేధింపు భరించలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు నమోదు చేసి పలువురిని అరెస్టు చేశారు. అదే నెల 23న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. 2022 సెప్టెంబరు 2న ఇచ్చిన ఆదేశాల్లో, అప్పుల యాప్‌లు ఫోనులోని నెంబర్ల పట్టిక, కాల్ వివరాలు, ఫైళ్ల జోలికి పోరాదని స్పష్టం చేసింది.

ఆ ఘోరంలో ఒక సూక్ష్మమైన అన్యాయాన్ని గమనించండి. అప్పు తీసుకున్నవాడు మీట నొక్కాడు, సరే. మరి అతని ఫోనులో నెంబరు ఉన్న మేనమామ ఏం నొక్కాడు? చిన్ననాటి పంతులుగారు ఏం నొక్కారు? వారిని ఎవరూ అడగలేదు. పక్కింటివాని పొలాన్ని నేను తాకట్టు పెట్టలేను. అలాగే పక్కవాని నెంబరును ఇచ్చే అధికారం నాకు లేదు, నేను ఇస్తానన్నా తీసుకునే అధికారం ఎదుటివానికి లేదు. వాడుకునేవారు ఒప్పుకున్నారు అన్న ఒక్క వాక్యంతో పాలసీ అన్నిటినీ న్యాయం చేయలేదు. ఒప్పుకున్నా సరే తీసుకోకూడనివి కొన్ని ఉన్నాయి.

మన చట్టం కూడా నెమ్మదిగా ఈ మార్గానికే వచ్చింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అనుమతి స్వేచ్ఛగా, తెలిసి, ఫలానా పనికని ఇచ్చినదై ఉండాలని, ఇచ్చినంత సులువుగా దానిని వెనక్కి తీసుకునే వీలు ఉండాలని, అడిగేది సరళమైన భాషలో ఉండాలని, కోరినవారికి రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషల్లో, అంటే తెలుగులో కూడా, అందుబాటులో ఉండాలని చట్టం చెబుతున్నది. అందులోనే ఒక ఉదాహరణ మన యువకుని కోసమే వ్రాసినట్లున్నది: ఫోనులో వైద్యం అందించే యాప్ ఒకటి రోగి వివరాలతోపాటు అతని ఫోనులోని నెంబర్ల పట్టికకూ అనుమతి అడిగింది, అతడు రెండింటికీ సరేనన్నాడు. అయినా వైద్యానికి ఆ పట్టిక అవసరం లేదు కాబట్టి, ఆ అనుమతి వైద్యానికి కావలసిన వివరాల వరకే చెల్లుతుంది.

ఈ విషయం శ్రీసభకూ కొత్త కాదు. 1983 నాటి లాటిన్ శ్రీసభ చట్టంలో 220వ నిబంధన, 1990 నాటి తూర్పు శ్రీసభల చట్టంలో 23వ నిబంధన, మనిషి పరువును అన్యాయంగా చెరపరాదని, తన ఆంతరంగిక విషయాలను కాపాడుకునే హక్కును భంగపరచరాదని చెబుతున్నాయి. పరువు, గోప్యత ఒకే నిబంధనలో ప్రక్కప్రక్కనే ఉండడం ఊరకే జరిగినది కాదు. రెండోది కూలితే మొదటిది నిలవదు.

కానీ చట్టం అడిగేది కనీసం. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లవచ్చునన్న భయంతో వ్రాసిన పాలసీ ఒకటి, మన తండ్రుల వంటివారు నమ్మి వాడుకుంటారన్న ఎరుకతో వ్రాసిన పాలసీ మరొకటి. భయంతో వ్రాసేవాడు మాటలను వెడల్పు చేస్తాడు: 'అవసరమైన సందర్భాల్లో మీ వివరాలను మా భాగస్వాములతో పంచుకోవచ్చును.' ఏ అవసరం? ఎవరా భాగస్వాములు? ఆ వాక్యం వ్రాసినవానికి గొడుగు, చదివినవానికి వాన. ఎరుకతో వ్రాసేవాడు మాటలను ఇరుకు చేసుకుంటాడు, తన చేతులు తానే కట్టుకుంటాడు.

అటువంటివాడు వ్రాయడానికి ముందు పని చేస్తాడు. ఒక కాగితం మీద తన యాప్ అడిగే ప్రతి వివరాన్ని వరుసగా వేస్తాడు. ఒక్కొక్క దాని ఎదుట, ఇది లేకుండా టోకెను ఇవ్వలేమా అని ప్రశ్న వేసుకుంటాడు. పుట్టిన తేదీ ఎందుకు, వయస్సు చాలదా? రోగి ఎక్కడున్నాడో ఫోను ద్వారా తెలుసుకోవడం ఎందుకు, క్లినిక్ ఎక్కడున్నదో అతనికి తెలుసు గదా? అక్కర లేని వాటిని కొట్టివేస్తాడు. తన దగ్గర లేని దానిని దొంగ ఎత్తుకుపోలేడు, కాబట్టి తీసుకోకపోవడాన్ని మించిన తాళం లేదు. తర్వాత ఆ ప్రకటనల ప్రోగ్రాం దగ్గర ఆగుతాడు. ఇక్కడే అసలు పరీక్ష. దానివల్ల నెలకు నాలుగు రూపాయలు వస్తాయి, యాప్ ఖర్చు గడుస్తుంది. తీసివేస్తే డాక్టరుగారిని ఆ ఖర్చు అడగాలి, ఆయన కాదనవచ్చు కూడా. రోగి బాధ వ్రాసుకునే చోట ప్రకటనల కంపెనీకి కిటికీ తెరచి ఉంచడమా, ఆ నాలుగు రూపాయలు వదులుకోవడమా? నష్టం లేకుండా నిజాయితీ దొరుకుతుందని ఈ వ్యాసం చెప్పదు. నష్టం ఉన్నది. అయితే ఆ నష్టాన్ని భరించవలసింది ఆయాసపడుతున్న రోగి కాదు.

ఇంత చేసిన తర్వాత పాలసీ వ్రాయడం ఎంత సులువో చూడండి: "ఈ యాప్ మీ పేరు, వయస్సు, ఫోను నెంబరు, మీరు చెప్పిన బాధ మాత్రమే తీసుకుంటుంది. టోకెను ఇవ్వడానికి, డాక్టరు మిమ్మల్ని చూడడానికి తప్ప మరి దేనికీ వాడము. డాక్టరు, టోకెన్లు చూసే సహాయకుడు, యాప్ తయారు చేసిన నేను తప్ప ఎవరూ చూడరు. మీరు చూపించుకొని వెళ్లిన ముప్పై రోజులకు మీ బాధ వివరాలు చెరిపివేస్తాము. ముందే చెరపమంటే, ఈ నెంబరుకు ఫోను చేయండి. మీ ఫోనులోని నెంబర్లు, ఫొటోలు మేము చూడము. మా జాగ్రత్త మేము పడుతున్నాము. అయినా ఏదైనా పొరపాటున బయటికి పొక్కితే దాచకుండా మీకు చెబుతాము." ఇందులో వకీలు మాట ఒక్కటీ లేదు. 'నూటికి నూరు పాళ్లు భద్రం' అన్న గొప్పలూ లేవు, ఎందుకంటే అది ఎవరూ నిలబెట్టుకోలేని మాట. ఇందులోని ప్రతి వాక్యం వెనుక యాప్‌లో ఒక ఏర్పాటు ఉండాలి. లేని ఏర్పాటుకు వాక్యం ఉండకూడదు.

తెలుగులో వ్రాయమన్నది కూడా అలంకారం కోసం కాదు. 1952 నాటి గనుల చట్టంలోనే, చట్టం ముఖ్యాంశాలను ఇంగ్లీషుతోపాటు నిర్దేశించిన ఇతర భాషల్లో కూడా గని దగ్గర అంటించి ఉంచాలని 62వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక స్మృతి వచ్చింది. కానీ దాని వెనుక ఉన్న బుద్ధి పాతబడేది కాదు: ఎవరి ప్రాణానికి సంబంధించిన మాటో వారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. గని గోడకు వర్తించిన న్యాయం సెల్‌ఫోను తెరకు ఎందుకు వర్తించదు?

యాప్‌లు తయారు చేస్తున్న మన యువతీ యువకులకు ఒక మనవి. మీరు వ్రాసిన పాలసీని స్టోరులో పెట్టకముందు ఒక సాయంత్రం మీ నాన్నగారిని కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించండి. ఆయన "ఇదెందుకు బిడ్డా?" అని అడిగిన చోట ఆగండి. మీ దగ్గర జవాబు ఉంటే ఆ జవాబునే పాలసీలో వ్రాయండి. జవాబు లేకపోతే పాలసీని దిద్దవద్దు, యాప్‌ను దిద్దండి.